నాన్నను ఒప్పించిన అమ్మ

ఆఫీసు పని మీద రెండు వారాలు బెర్లిన్‌లో ఉన్నాను. నాకంటూ దొరికిన ఒకే ఒక్క ఆదివారం పొద్దున్నించీ వాన. ఉంటర్ డెన్ లిండెన్ వీధిలో నడుస్తూ, కాసేపు తడవకుండా నిలబడదామని స్తంభాలున్న ఒక పాత కట్టడంలోకి దూరాను. లోపల పెద్ద ఖాళీ గది. పైకప్పు మధ్యలో గుండ్రటి కంత. ఆ కంతలోంచి వాన సరాసరి ఒక విగ్రహం మీద పడుతోంది. తల మీదుగా ముసుగు కప్పుకున్న ఒక పెద్దావిడ, ఆమె మోకాళ్ళ మధ్య ముడుచుకుపోయి చనిపోయిన కొడుకు. విగ్రహం నల్లగా, తడిగా మెరుస్తోంది. గదిలో ఇంకేమీ లేదు. కూర్చోడానికి బల్ల కూడా లేదు.

ఆ కట్టడం పేరు నోయె వాఖె. 1818లో షింకెల్ అనే వాస్తుశిల్పి సైనికుల కావలి కోసం కట్టాడు. ఇప్పుడది యుద్ధంలో, నియంతృత్వంలో బలైనవాళ్ళ కోసం జర్మనీ పెట్టుకున్న జాతీయ స్మారకం. శిల్పం కేటె కోల్విట్స్‌ది.

ఆమె గురించి అప్పటికి నాకు తెలిసింది మూడు ముక్కలు. కొడుకు మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయాడు, ఆమె శాంతివాది అయింది, తన దుఃఖాన్ని శిల్పంగా చేసింది. ఎవరు చెప్పినా ఇలాగే చెబుతారు. తిరిగొచ్చాక ఆమె డైరీలూ ఉత్తరాలూ ఇంగ్లీషులో చదివాను. పెద్దకొడుకు హాన్స్ ఎంపిక చేసి వేసిన పుస్తకం అది. అప్పుడు గానీ తెలీలేదు, ఈ మూడు ముక్కలకీ ముందు ఇంకో ముక్క ఉందని. ఆ కొడుకు యుద్ధానికి వెళ్తానంటే తండ్రి వద్దన్నాడు. తండ్రిని ఒప్పించింది ఆవిడే.

1914 ఆగస్టు 10, సాయంత్రం. యుద్ధం మొదలై పది రోజులు కూడా కాలేదు. చిన్నకొడుకు పీటర్‌కి 18 ఏళ్ళు. 21 నిండనివాళ్ళు వాలంటీరుగా చేరాలంటే తండ్రి అనుమతి కావాలి. తండ్రి కార్ల్ డాక్టరు, సోషల్ డెమొక్రాట్. తనకు చేతనైన వాదనలన్నీ వాడాడు. నీ ఈడు వాళ్ళని దేశం ఇంకా పిలవలేదు కదా, నీ అవసరం లేదనేగా అర్థం, అన్నాడు. మా ఈడు వాళ్ళ అవసరం లేకపోవచ్చు, నా అవసరం ఉంది, అన్నాడు పీటర్. అంటూనే మాటిమాటికీ తల్లి వైపు చూస్తున్నాడు, నువ్వైనా చెప్పవేమని. చివరికి ఆమె లేచింది. గుమ్మం దగ్గర కొడుకుని కావలించుకుంది. వాడి కోసం భర్తని బతిమాలింది. ఆ గంటసేపటి గురించి డైరీలో రాస్తూ త్యాగం అన్న మాట వాడింది. కొడుకు తనని అందులోకి లాగాడట, ఇద్దరూ కలిసి కార్ల్‌ని లాగారట.

అక్టోబరు మధ్యలో పీటర్ ఫ్రంటుకి బయల్దేరాడు. 22 రాత్రి బెల్జియంలో డిక్స్‌ముయ్‌డె దగ్గర చనిపోయాడు. వెళ్ళి పట్టుమని రెండు వారాలు కాలేదు. ఇంటికి కబురు 30న అందింది.

ఆమె ఎవరో తెలియకపోతే దీన్ని ఒక అమాయకురాలైన తల్లి కథ అనుకోవచ్చు. అమాయకత్వానికి అక్కడ చోటు లేదు. 1867లో కోనిగ్స్‌బెర్గ్‌లో పుట్టింది (ఇప్పుడది రష్యాలోని కలినిన్‌గ్రాడ్). తాత అధికారిక చర్చితో తెగతెంపులై సొంతంగా స్వేచ్ఛా సమాజం పెట్టుకున్న మతబోధకుడు. తండ్రి న్యాయశాస్త్రం చదివి, ఆ ఉద్యోగాలు వద్దనుకుని తాపీపనిలోకి దిగిన మనిషి. పెళ్ళయ్యాక బెర్లిన్‌లో కార్మికులుండే పేటలో కార్ల్ క్లినిక్, ఆ ఇంట్లోనే ఆమె పని. వచ్చే రోగుల్లో బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులు ఎందరో. నేతపనివాళ్ళ తిరుగుబాటు మీద ఆమె చేసిన బొమ్మలకి 1898లో బంగారు పతకం ఇవ్వాలని సిఫారసు చేస్తే, చక్రవర్తి వీల్లేదన్నాడు. రాజ్యం అంటే ఏమిటో, చావు అంటే ఏమిటో ఆమెకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇంకా గట్టి సాక్ష్యం కావాలంటే 1903 నాటి ఎచింగ్ ఉంది. పేరు, చనిపోయిన బిడ్డతో స్త్రీ. బట్టల్లేని ఒక ఆడమనిషి బాసింపట్టు వేసుక్కూర్చుని బిడ్డ శవాన్ని మీదికి లాక్కుని, దాని మెడలో మొహం దూర్చేసి ఉంటుంది. తల్లి అనడం కన్నా ఏదో జంతువు అనాలనిపిస్తుంది. దానికి మోడల్ ఆమే, అద్దంలో చూసుకుంటూ గీసింది. ఒళ్ళో బిడ్డ ఏడేళ్ళ పీటర్. ఆ భంగిమలో బరువు మోయలేక ఆమె మూలుగుతుంటే, బొమ్మ బాగా వస్తుందిలే అమ్మా అని వాడే ఓదార్చాడట.

దీన్ని జోస్యం అనేవాళ్ళుంటారు. నాకు అలాంటి మాటలు పడవు. ఈ బొమ్మ నాకు చెప్పేది వేరే. సాహిత్యం చదివితే, కళలో బతికితే ఎదుటివాడి బాధ తెలుస్తుంది, తెలిస్తే తప్పు చెయ్యం అని మనలాంటి పుస్తకాల పిచ్చివాళ్ళకి ఒక నమ్మకం. బిడ్డ చావు ఎలా ఉంటుందో కోల్విట్స్ కంటే బాగా ఊహించినవాళ్ళు ఆ దేశంలో ఎంతమంది ఉండి ఉంటారు? పదకొండేళ్ళ ముందే, అదే బిడ్డని ఒళ్ళో పెట్టుకుని ఊహించింది. అయినా ఆ సాయంత్రం సరే అంది. ఆమె ఒక్కతే కాదు. తర్వాత రోజుల్లో యుద్ధాన్ని అసహ్యించుకున్న శిల్పి బార్లాఖ్ కూడా 1914లో కత్తెత్తి దూకుతున్న మనిషిని చేసి దానికి ప్రతీకారి అని పేరు పెట్టాడు. యాభై ఏళ్ళ కవి రిచర్డ్ డేమెల్ తనే వెళ్ళి సైన్యంలో చేరాడు.

డిసెంబరులోనే ఆమెకి స్మారకం ఆలోచన వచ్చింది. పడుకున్న పీటర్ నిలువెత్తు శిల్పం, తల దగ్గర తండ్రి, కాళ్ళ దగ్గర తల్లి. వాలంటీర్లుగా ప్రాణమిచ్చిన కుర్రాళ్ళందరికీ గౌరవంగా. పని మొదలుపెట్టింది. ఏళ్ళు గడిచాయి. 1919లో వదిలేసింది. శిల్పం పూర్తయ్యి సమాధుల దగ్గరకి చేరింది 1932లో. అనుకున్నప్పటి నుంచి దాదాపు పద్ధెనిమిదేళ్ళు, అంటే పీటర్ బతికినంత కాలం.

ఎందుకంత ఆలస్యం? వయసు, ఆరోగ్యం, డబ్బు అని కారణాలు చెప్పొచ్చు. నేను 1916 అక్టోబరు డైరీ దగ్గర ఆగిపోయాను. అప్పటికి పీటర్ స్నేహితులు కూడా ఒక్కొక్కరే పోయారు. ఈ యుద్ధం వట్టి పిచ్చితనం అని ఆమెకి అర్థమవుతోంది. కానీ వాడు దాన్ని నమ్మి చచ్చిపోయాడు. ఇప్పుడు నేను అది పిచ్చితనం అంటే వాడికి ద్రోహం చేసినట్టా అని చచ్చిపోయిన కొడుకునే అడుగుతుంది.

ఇది ఎటూ తప్పించుకోలేని చిక్కు. యుద్ధం గొప్పదంటే అబద్ధం. కాదంటే కొడుకు చావుకి అర్థం లేదు, ఆ సాయంత్రం తను బతిమాలినదానికీ అర్థం లేదు. బిడ్డ పోయినవాళ్ళకి మిగిలే ఒకే ఒక్క ఊరట, వాడు దేనికోసమో పోయాడు అనే మాట. నిజం చెప్పాలంటే దాన్ని తన చేత్తో తనే తీసెయ్యాలి. మొదటి నమూనాలో కొడుకు మహిమతో పడుకుని ఉన్నాడు. ఆమె నమ్మకం కరిగిపోయేకొద్దీ ఆ శిల్పం అబద్ధమవుతూ వచ్చింది. చేతులు ముందుకు సాగలేదు. నాకు అర్థమైనంతలో ఆ ఆలస్యానికి కారణం ఇది.

చదువుతుంటే నాకు ధర్మరాజు గుర్తొచ్చాడు. పద్మవ్యూహం ఛేదించమని అభిమన్యుణ్ణి పంపింది ఆయనే. కుర్రాడు చచ్చిపోయాక, నా ఆశ కొద్దీ పసివాణ్ణి పంపాను, అర్జునుడికి మొహం ఎలా చూపించాలి అని కుమిలిపోతాడు. అప్పుడు వ్యాసుడు వచ్చి కథలు చెబుతాడు. మృత్యువు ఎలా పుట్టిందో, ఎంత గొప్ప రాజులు కూడా ఎలా పోయారో. నిజానికి అవన్నీ ఊరట మాటలే. పోవడం అందరికీ ఉన్నదే అంటాయి గానీ, పంపింది ఎవరు అన్న ప్రశ్న జోలికి పోవు. కోల్విట్స్‌కి ఏ వ్యాసుడూ రాలేదు. వచ్చినా ఆమె వినేదని నాకు అనిపించదు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి, పోలిక చాలా చిన్నదని తెలిసే. కోడ్ రివ్యూలో అప్రూవ్ నొక్కడం మా ఉద్యోగంలో రోజూ ఉండేదే. ఒకసారి ఒక జూనియర్ రాసిన డేటాబేస్ మార్పు ఇంకొకాయనకి నచ్చలేదు, ఇంకో వారం ఆగుదాం అన్నాడు. ఆ అబ్బాయి ఉత్సాహం చూసి నేను వాదించి ఆయన్ని ఒప్పించాను. ఆ రాత్రే అంతా పడిపోయింది. తెల్లారేదాకా కూర్చుని సరిచేశాం. తర్వాత రాసే పోస్ట్‌మార్టం రిపోర్టులో మా రంగంలో ఒక మంచి ఆచారం ఉంది. ఎవరు చేశారని రాయకూడదు, ఏం జరిగిందని మాత్రమే రాయాలి. ప్రక్రియలో లోపం ఎక్కడుందో చూడాలి. దానివల్ల జనం భయపడకుండా నిజాలు చెబుతారు, అది నిజమే, నేనూ నమ్ముతాను. కానీ ఆ రిపోర్టు చదువుకున్నప్పుడు ఒక విచిత్రం గమనించాను. ఎవరినీ నిందించకూడదు కాబట్టి వాక్యాలన్నిట్లోంచీ కర్త ఎగిరిపోయింది. మార్పు ఆమోదించబడింది. ఎవరి చేత? ఆ వాక్యానికి తెలీదు. నాకు తెలుసు.

బెర్నార్డ్ విలియమ్స్ అనే బ్రిటిష్ తత్వవేత్త 1976లో రాసిన వ్యాసంలో ఒక లారీ డ్రైవరు ఉంటాడు. వాడి తప్పేమీ లేకుండానే ఒక బిడ్డ చక్రాల కింద పడి చనిపోతుంది. చుట్టూ ఉన్నవాళ్ళంతా నీ తప్పు లేదయ్యా అంటారు, అనాలి కూడా. కానీ ఆ మాట వినగానే డ్రైవరు అవునులే అని దులుపుకుని వెళ్ళిపోతే, ఆ మనిషి మీద మనకి అనుమానం వస్తుంది. తప్పు లేకపోయినా చేసిన చెయ్యి తనదైనప్పుడు ఉండే ఒక బాధ ఉంది, పక్కన నిలబడి చూసినవాడికి అది ఉండదు అంటాడు విలియమ్స్. కోల్విట్స్‌ది డ్రైవరంత నిర్దోషత్వం కాదు. అలాగని కొడుకుని చంపిన నేరమూ కాదు. మధ్యలో ఎక్కడో ఉంది. పెద్దకొడుకు హాన్స్ కూడా సైన్యంలోకి వెళ్ళాడు, క్షేమంగా తిరిగొచ్చాడు. పీటర్ కూడా తిరిగొచ్చి ఉంటే, ఆ ఆగస్టు సాయంత్రం ఆ ఇంట్లో గర్వంగా చెప్పుకునే కథ అయ్యేదేమో. ఆమె అన్న మాట అప్పుడూ అదే. ఈ ఆలోచన నాకు అస్సలు సుఖంగా లేదు. కానీ దీన్ని దాటేసి ఆమెని మొదటి నుంచీ మహాతల్లిగా చూపించే పుస్తకాల కంటే ఇదే ఆమెకి మర్యాద అనిపిస్తుంది.

1918 అక్టోబరు చివర, ఓటమి ఖాయమైపోయాక, డేమెల్ ఇంకా వాలంటీర్లు కావాలని పత్రికలో పిలుపిచ్చాడు. ఆమె బహిరంగ లేఖతో జవాబు చెప్పింది. చచ్చినవాళ్ళు చాలు, ఇంకొక్కడు కూడా పోవడానికి వీల్లేదని. చివర్లో గెథే దగ్గర తీసుకున్న ఒక మాట పెట్టింది, విత్తనానికి దాచిన గింజల్ని పిండి ఆడించకూడదని. విత్తనపు వడ్లు వండుకు తినేస్తే వచ్చే ఏడాది ఏం చల్లుతారు అని మన పల్లెల్లో ఎవరైనా అడుగుతారు. నాలుగేళ్ళ కిందట ఆ గింజ తన చేతుల్లోనే ఉంది.

1923లో అచ్చయిన యుద్ధం అనే వరసలో ఏడు చెక్క అచ్చులున్నాయి. అందులో మొదటి బొమ్మ చూడండి. శత్రువు లేడు, తుపాకీ లేదు, ప్రభుత్వమూ లేదు. ఒక తల్లి పసిబిడ్డని రెండు చేతులతో ఎత్తి ఎవరికో ఇస్తోంది. పేరు త్యాగం. ఆ రాత్రి డైరీలో రాసుకున్న మాటే. రెండో బొమ్మలో మృత్యువు డప్పు కొడుతూ ముందు పోతుంటే కుర్రాళ్ళు వెనకాల పడి పోతున్నారు. మృత్యువు పక్కనే ఉన్నవాడు పీటర్. యుద్ధ వ్యతిరేక చిత్రాలు చాలా చూశాం, వాటిలో వేలు ఎప్పుడూ ఎదుటివాడి వైపే చూపిస్తుంది.

స్మారకం దగ్గరకి మళ్ళీ వెళ్ళింది 1924 తర్వాత. 1926లో భర్తతో కలిసి బెల్జియంలో రొగ్గెవెల్డె దగ్గర సమాధుల్ని చూసొచ్చింది. ఇప్పుడు శిల్పంలో కొడుకు లేడు. తీసేసింది. మిగిలింది తల్లీ తండ్రీ, ఇద్దరూ మోకాళ్ళ మీద. నేను ఫొటోల్లోనే చూశాను, అందుకని ఎక్కువ మాట్లాడటానికి జంకుగానే ఉంది. ఒకే దిమ్మ మీద కాదు, వేర్వేరు దిమ్మల మీద, మధ్య ఖాళీతో ఉంటారు. తండ్రి నిటారుగా, రెండు చేతులూ గుండెల మీద బిగించుకుని ఎదురుగా చూస్తున్నాడు. తల్లి ముందుకి వంగిపోయి తల దించేసింది. ఒకరినొకరు పట్టుకోలేదు, ఒకరివైపు ఒకరు చూసుకోలేదు. స్మారకాల్లో చనిపోయినవాడు ఉండటం, బతికున్నవాళ్ళు అతన్ని చూసి గర్వపడటం మామూలు. ఇక్కడ వీరుడు లేడు, పంపినవాళ్ళున్నారు. మొక్కుతున్నట్టు లేదు నాకు, క్షమించమని అడుగుతున్నట్టుంది. క్షమించగలిగినవాడు మట్టిలో ఉన్నాడు.

అయితే ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. కార్ల్ ఎందుకు మోకరిల్లాలి? ఆయన వద్దనే అన్నాడు కదా. ఆ తండ్రి మొహం కార్ల్‌దే, తల్లి మొహం ఆమెదే. తప్పులో సగం భర్తకి పంచడం న్యాయమా? మొదట్లో ఇది అన్యాయం అనుకున్నాను. తర్వాత ఆ బిగించిన చేతుల్ని మళ్ళీ చూశాను. ఆమె వంగిపోయింది, ఆయన వంగలేదు. సరైన మాట చెప్పి కూడా చివరికి ఒప్పేసుకున్నవాడి భంగిమ అదేనేమో. 1932 జులైలో శిల్పాల్ని అక్కడ నిలబెట్టారు. ఆమె తన మొహమే ఉన్న ఆ రాతి స్త్రీ ముందు నిలబడి ఏడ్చిందట, చెంపలు నిమిరిందట. కార్ల్ వెనకే నిలబడి ఉన్నాడు. ఆయన రెండుసార్లు అవును అని గొణగడం ఆమెకి వినిపించింది. అంతే రాసింది. దేనికి అవును అన్నాడో రాయలేదు.

తర్వాత ఆ సమాధుల్ని, శిల్పాల్ని వ్లాడ్స్లోకి మార్చారు. ఇప్పుడక్కడ 25 వేలకు పైగా సైనికులు ఉన్నారు. పీటర్ పేరున్న రాయి తండ్రి చూపుకి ఎదురుగా ఉంటుంది.

ఆ మరుసటి ఏడే హిట్లర్ వచ్చాడు. నాజీలకి వ్యతిరేకంగా వామపక్షాలు కలవాలన్న విజ్ఞప్తి మీద సంతకం చేసినందుకు ప్రష్యన్ కళా అకాడమీ నుంచి రాజీనామా చేయించారు. 1919లో ఆ అకాడమీ సభ్యురాలిగా ఎన్నికైన మొదటి స్త్రీ ఆమె. 1936లో గెస్టపో ఇంటికొచ్చి కాన్సంట్రేషన్ క్యాంపు అని బెదిరించింది. పట్టుకుపోయే పరిస్థితి వస్తే చచ్చిపోదామని భార్యాభర్తలు నిర్ణయించుకున్నారు. ఆ రోజుల్లోనే, 1937లో, పీటర్ పోయిన తేదీన, ఒక చిన్న శిల్పం మీద పని చేస్తున్నానని రాసుకుంది. ముసలివాళ్ళని చెయ్యబోతే అది ఒక రకం పియెటా అయిందట. తర్వాత, ఇది మతపరమైనది కాదని కూడా రాసింది. అందులో తల్లి ఏడవడం లేదు, ఆలోచిస్తోంది.

నేను వానలో చూసింది అదే. కానీ అదే కాదు కూడా. ఆమె చేసిన శిల్పం ఎత్తు 38 సెంటీమీటర్లు, బల్ల మీద పెట్టుకునేంత. 1993లో చాన్సలర్ హెల్ముట్ కోల్ పట్టుబట్టి దాన్ని దాదాపు నాలుగు రెట్లు పెంచి చేయించి నోయె వాఖెలో పెట్టించాడు. అప్పుడు పెద్ద గొడవైంది. చరిత్రకారుడు కోసెల్లెక్ గట్టిగా వ్యతిరేకించాడు. యుద్ధంలో, నియంతృత్వంలో బలైనవాళ్ళు అని ఒకే వాక్యంలో కలిపేస్తే చంపినవాళ్ళూ చచ్చినవాళ్ళూ ఒక్కటైపోతారు అన్నాడు. పియెటా క్రైస్తవ రూపం, అందులో యూదులకి చోటేది? చనిపోయిన స్త్రీలకి చోటేది? గ్యాస్ చాంబర్లలో బిడ్డతో పాటు తల్లి కూడా పోయింది, ఒళ్ళో పెట్టుకుని ఏడవడానికి ఎవరూ మిగల్లేదు. చివరికి ఎవరెవరు బలయ్యారో పేరుపేరునా చెబుతూ గుమ్మం పక్కన ఒక ఫలకం పెట్టారు.

కోసెల్లెక్ మాటలు చదివాక నాకు ఆ రోజు కలిగిన కదలిక మీద కొంచెం సిగ్గేసింది. శిల్పం మీద కాదు. ఆమె ఆ బొమ్మ చేసింది తన లెక్క తను చూసుకోడానికి. నేను పంపాను అన్న వాక్యంలో కర్త ఉంది. రాజ్యం దాన్ని నాలుగు రెట్లు పెంచినప్పుడు వాక్యం, ఒక తల్లి కొడుకుని పోగొట్టుకుంది, అని మారింది. ఆమెకి ఇంతకంటే పెద్ద అన్యాయం నాకు తోచడం లేదు. అయినా ఇంకోసారి బెర్లిన్ వెళ్తే మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళి నిలబడతాను, అదీ తెలుసు.

1940లో కార్ల్ పోయాడు. 1942 మొదట్లో ఆమె చివరి లిథోగ్రాఫ్ చేసింది. పేరు గెథే దగ్గర తీసుకున్న ఆ విత్తనాల మాటే. ఒక ముసలావిడ రెండు చేతులూ చాపి, కోటు కింద ముగ్గురు కుర్రాళ్ళని అదిమి పట్టుకుని ఉంటుంది. ఈసారి ఇచ్చే చేతులు కావవి. అదే ఏడాది సెప్టెంబరులో హాన్స్ కొడుకు రష్యాలో యుద్ధంలో చనిపోయాడు. చిన్నాన్న పేరే పెట్టారు వాడికి, పీటర్ అని. ఆమె 1945 ఏప్రిల్ 22న డ్రెస్డెన్ దగ్గర మోరిట్స్‌బుర్గ్‌లో చనిపోయింది, యుద్ధం ముగియడానికి రెండు వారాల ముందు.

ఆ లిథోగ్రాఫ్ నా దగ్గర ఫోన్‌లో ఉంది, అప్పుడప్పుడు పెద్దది చేసి చూస్తుంటాను. ఆవిడ చేతులు చాలా బలంగా ఉంటాయి. కోటు కింద కుర్రాళ్ళు భయపడి దాక్కున్నట్టు ఉండరు. సందులోంచి తలలు బయటపెట్టి చూస్తున్నారు, ఎప్పుడు వదుల్తుందా అని.